కొంగకు లెక్క రాదు

ఆ ఇంటి భోజనాలగదిలో, బల్లకెదురుగా ఉన్న గోడమీద ఒకే ఒక ఫొటో ఉండేది. పుల్లలతో అల్లిన గూటి అంచున బూడిదరంగు కొంగ ఒకటి నిలబడి, ఒక రెక్కను గొడుగులాగా చాచి, మూడు పిల్లలకు నీడనిస్తున్న ఫొటో. రెక్క ఈకల అంచులలో ఎండ బంగారు తీగలాగా పారుతుండేది. ఆ ఇంటికి భోజనానికి వచ్చినవారెవరైనా సరే, చేతిలోని ముద్దను నోటిదాకా తీసుకొని వెళ్ళి, అక్కడే ఆపి, ఒక్క క్షణం దానికేసి చూసి కాని తినేవారు కారు. పిల్లల పాఠ్యపుస్తకంలో తల్లిప్రేమ అనే పాఠానికి కూడా ఆ ఫొటోనే వేశారు. దాన్ని తీసినందుకు పెద్ద బహుమతి వచ్చింది. ఆ బహుమతితోపాటు, తీసిన మనిషికి వీధిలో ‘కొంగాయన’ అనే పేరు కూడా స్థిరపడిపోయింది.

అతడికి ఒక నియమం ఉండేది. సూర్యుడిచ్చిన వెలుగులో తప్ప ఫొటో తీయడు. ఫ్లాష్ వాడేవాడిని అతడు మనిషికింద జమకట్టడు. పక్షి కళ్ళలో దొంగవెలుగు కొట్టి తీసే ఫొటో, నిద్రపోతున్నవాడి జేబులో చెయ్యి పెట్టడం వంటిదని సభలలో చెప్పి చప్పట్లు కొట్టించుకునేవాడు. ఆ మాట వచ్చినప్పుడల్లా భార్య పెదవి విరిచేది. పెళ్ళయిన కొత్తలో తన ముఖం చూడాలన్నా కిటికీ దగ్గరకు రమ్మని పిలిచేవాడని, మబ్బు పట్టిన రోజున తాను ఆ ఇంట్లో ఉన్నదీ లేనిదీ ఆయనకు తెలిసేది కాదని వచ్చినవారికి చెప్పి నవ్వించేది.

వారికి ఒక్కతే కూతురు, ఇరవై ఏళ్ళది. పదమూడో ఏటినుంచీ ఆ ఫొటో కింద కూర్చునే అన్నం తింది, చదువుకుంది, అలిగింది. పాత కెమెరా ఒకటి తానే సంపాదించుకొని, పెరటిలో పిచ్చుకలమీద చెయ్యి తిప్పుకుంది. ఇక ఆమెకున్న కోరిక ఒక్కటే. నాన్న ఆ ఫొటో తీసిన మడుగు దగ్గర, ఆ చెట్టు దగ్గరే, తాను మొదటి కొంగను తీయాలి.

ఏడేళ్ళుగా అతడు ఆ కోరికను దాటవేస్తూ వచ్చాడు. ఒక ఏడు జలగలన్నాడు, ఒక ఏడు వరదన్నాడు, ఒక ఏడు నడుమునొప్పి అన్నాడు. ఆ చెట్టుమీద ఇప్పుడు కొంగలు గూడు కట్టడం మానివేశాయని గట్టిగా చెప్పి, నాలుగేళ్ళు గడిపాడు. కాని ఆ వేసవిలో మడుగు కాపలాతాత ఫోన్ చేసినప్పుడు, దాన్ని అందుకున్నది కూతురు. ఒక్క జంట తిరిగి వచ్చిందట. అదే చెట్టు. అదే కొమ్మ. మూడు పిల్లలట.

"ఇంకేం చెబుతారో చూద్దాం," అంది భార్య, గిన్నె సర్దుతూ. "కొంగలు కొమ్మ మార్చలేదు కాని, మీరు మాత్రం సాకులు మారుస్తూనే ఉన్నారు."

అతడు గోడమీది ఫొటోకేసి చూడకుండా అన్నం కలుపుకున్నాడు. కాదనడానికి కారణం చెప్పాలి. చెప్పగలిగిన కారణాలన్నీ అయిపోయాయి. చెప్పలేని కారణం ఒక్కటే మిగిలింది.

ఆ కారణం ఒక మనిషి. బడిలో పనిచేసి విరమణ పొందిన పంతులమ్మ. ముప్ఫై ఏళ్ళపాటు ఆ మడుగులోని గూళ్ళను లెక్కపెట్టి, ఏ చెట్టుమీద ఎన్ని గుడ్లు, ఎన్ని పిల్లలు, ఎన్ని ఎగిరాయి అన్నది నోటుపుస్తకాలలో రాసుకున్న మనిషి. ఎండైనా వానైనా ఆమె చేతిలో పెద్ద నల్లగొడుగు ఉండేది. అతడిని తమ్ముడూ అని పిలిచేది. అతడి కూతురికి ఆమె గూళ్ళత్తయ్య. పదేళ్ళపాటు అతడిని మాటులో కూర్చోబెట్టింది ఆమే.

మాటు అంటే ఆకుపచ్చని మందపు గుడ్డతో కుట్టిన చిన్న గుడారం. ముందువైపు లెన్సు దూరేంత కంత, పక్కన కన్ను పట్టేంత చీలిక, వెనుక తెర. మనిషి ఒంటరిగా అందులోకి వెళ్తే కొంగ చూస్తుంది, చూసినదాన్ని మరచిపోదు. సాయంత్రందాకా గూటిమీద వాలదు. అందుచేత ఇద్దరు వెళ్ళాలి. కాసేపటికి ఒకరు బయటికి వచ్చి, కొంగకు బాగా కనబడేటట్టు గట్టుమీద నడుచుకుంటూ వెళ్ళిపోవాలి. కొంగకు లెక్క రాదు. మనుషులు వెళ్ళిపోయారనుకొని పిల్లల దగ్గరకు వస్తుంది. లోపల మిగిలినవాడు మాత్రం, బయటికి వెళ్ళినవారు తిరిగి వచ్చి పిలిచేదాకా కదలకూడదు. నేను వచ్చి పిలిచేదాకా కదలకు, తమ్ముడూ అని ప్రతిసారీ చెప్పి మరీ వెళ్ళేది పంతులమ్మ.

ఏడేళ్ళనాటి ఆ ఉదయం జరిగినది లోకానికి తెలిసింది ఇంతే. పదిగంటలవేళ పంతులమ్మ మాటుకేసి తిరిగి వస్తూ పలకల బాటమీద కాలు జారి ఊబిలో పడింది. గాలి ఎదురుగా ఉండడంవల్ల లోపలున్న అతడికి ఏమీ వినబడలేదు. మధ్యాహ్నం బయటికి వచ్చి చూస్తే, బురదమీద విప్పిన నల్లగొడుగు ఒక్కటే ఉంది.

లోకానికి తెలియనిది ఇది. ఆ రోజు గూడు ఆకుల నీడలో ఉంది. ఆ నీడ అతడికి పనికిరాలేదు. తెల్లవారకముందే, పంతులమ్మ రాకముందే, కొమ్మల కత్తెరతో గూటిచుట్టూ ఉన్న రెమ్మలను ఏడింటిని కత్తిరించి నీటిలో పడవేశాడు. ఎండ పిల్లలమీద పడింది. తల్లికొంగ రెక్క చాచింది లోకం మెచ్చుకున్న ప్రేమతో కాదు, పిల్లలు మాడిపోతుంటే మరో దారి లేక. గట్టుమీదనుంచి అది చూసిన పంతులమ్మకు విషయం అర్థమైంది. గూటికి నీడ కట్టాలని గొడుగు పట్టుకొని పరుగెత్తుకొని వచ్చింది. పరుగులో పలక తప్పింది.

తమ్ముడూ అని పిలిచింది. గాలి ఎదురుగా లేదు. అతడికి ప్రతి పిలుపూ వినబడింది. కొంగ రెక్క పూర్తిగా విప్పుతున్న క్షణం అది. ఇంకొక్క నిమిషం, వెలుగు బాగుంది అని తనలో తాను గొణుక్కున్నాడు. ఆ తరువాత ఇంకొక్క నిమిషం. పదకొండుసార్లు పిలిచి ఆమె ఊరుకుంది. తనంతట తానే బయటపడి ఉంటుందని అతడు అనుకున్నాడు. లేదా, అనుకున్నానని ఏడేళ్ళుగా తనకు తాను చెప్పుకుంటున్నాడు.

మధ్యాహ్నానికి మూడు పిల్లలూ చచ్చిపోయాయి. తల్లి మాత్రం సాయంత్రందాకా రెక్క దించలేదు.

ఆ సంగతి కూతురికి తెలిస్తే ఆ ఇంట్లో తనకు మిగిలేది గోడ ఒక్కటే అని అతడికి తెలుసు.

*

తండ్రీ కూతుళ్ళు మడుగుకు వెళ్ళేసరికి తూరుపు తెల్లబడుతున్నది. మడుగుమీద పాలమీగడలాంటి పొగమంచు. కాపలాతాత తన రేకుల గదిముందు నిలబడి, అమ్మాయిని చూసి, నీ అంత ఉన్నప్పుడు నా నడుము కూడా ఇలాగే నిలబడేదని నవ్వి, ఇద్దరికీ వేడి టీ పోశాడు. గదిలోపల మేకుకు నల్లగొడుగు ఒకటి వేలాడుతున్నది. దాని కొననుంచి నీటిచుక్క రాలి, కింద మట్టిలో చిన్న గుంట పడింది.

"నిన్న వాన పడిందా, తాతా?" అని అడిగింది అమ్మాయి.

వాన పడి నెల దాటిందని చెప్పాడు తాత. అది పంతులమ్మగారి గొడుగని, తాను రోజూ ఎండలో ఆరబెడతానని, తెల్లవారేసరికి మళ్ళీ తడిసి ఉంటుందని చెప్పాడు. ఎందుకని అడగలేదు ఎవరూ. అమ్మాయి మాత్రం దగ్గరకు వెళ్ళి గొడుగు పిడిని ఒకసారి ముట్టుకొని వచ్చింది, పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకున్నట్టు.

నడుస్తూ నడుస్తూ తాత అతడి చెవికి దగ్గరగా వంగాడు. "ఒక్క మాట, బాబుగారూ. ఆ చెట్టు దగ్గర మన కిటుకు పారడంలేదు. పోయినవారం ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు. ఒకణ్ణి కూర్చోబెట్టి ఒకణ్ణి తీసుకొచ్చాను. కొంగ సాయంత్రందాకా వాలలేదు. మరుసటిరోజు నలుగురం వెళ్ళి ముగ్గురం వచ్చాం. అప్పుడూ అంతే. లోపల ఎవరో ఉన్నారని దానికి తెలుస్తోంది."

"కొంగకు లెక్క రాదు," అన్నాడు అతడు.

"నాకూ అదే తెలుసు," అన్నాడు తాత.

గట్టునుంచి మాటుకు నలభై అడుగుల పలకల బాట. రెండు వైపులా నల్లని ఊబి, పైన పల్చగా నీరు. ముగ్గురూ ఒకరివెనుక ఒకరు నడిచారు. తన వెనుక కూతురు, కూతురి వెనుక తాత. చివరి పలక దాటుతున్నప్పుడు అతడు అలవాటుకొద్దీ వెనుకనున్న అడుగుల చప్పుడు విన్నాడు. పలకమీద పాదం పడ్డప్పుడల్లా బురద ఒక గుటక వేస్తుంది. ఒకటి, రెండు... మూడు. మళ్ళీ విన్నాడు. రెండే. చెవులు పాడైపోతున్నాయి అనుకున్నాడు.

తాత పదిన్నరకు వచ్చి పిలుస్తానని, అంతదాకా కదలవద్దని చెప్పి తెర దించి వెళ్ళిపోయాడు. గట్టుమీద దగ్గుతూ, కావాలని చేతులు ఊపుతూ తాత దూరం కావడం చీలికలోనుంచి కనబడింది.

ఇక నిరీక్షణ మొదలైంది.

మంచు విడిపోయింది. చెట్టు కనబడింది, గూడు కనబడింది. దట్టమైన ఆకుల వెనుక మూడు బూడిదరంగు తలలు మెల్లగా ఊగుతున్నాయి. తల్లికొంగ మాత్రం ఎదురుగా ఎండిన మోడుమీద నిలబడింది. అరగంట గడిచింది. గంట గడిచింది. పిల్లలు ఆకలితో కీచుమంటున్నా అది కదలలేదు. మాటుకేసి చూస్తున్నది. లెన్సుకేసి కాదు. లెన్సుకు ఎడమగా, అతడి మోకాలి పక్కన, ఎవరూ లేని మూలకేసి...

ఆ మూలనుంచి వాసన వస్తున్నది. మొదట మడుగువాసనే అనుకున్నాడు. కాదు. అది తడిసిన గొడుగుగుడ్డ వాసన.

"మనం ఇద్దరమని దానికి తెలిసిపోయిందా, నాన్నా?" అంది కూతురు ఊపిరితో.

"దానికి లెక్క రాదమ్మా. ఓపిక పట్టు."

అలా అన్నాడే కాని, ఎడమచెయ్యి తీసి ఒడిలో పెట్టుకున్నాడు. ఆ పక్కన గాలి చల్లగా ఉంది.

ఎనిమిదిన్నరకు వెనుక తెర ఒకసారి కదిలింది. బురద గుటక వేసింది. మళ్ళీ వేసింది. చప్పుడు దూరమైంది. అతడు చీలికకు కన్ను ఆనించాడు. గట్టుమీద ఎవరో నడుచుకుంటూ వెళ్తున్నారు. తొందర లేకుండా, కొంగకు బాగా కనబడేటట్టు. తలమీద నల్లగొడుగు.

రెప్ప వేశాడు. గట్టు ఖాళీగా ఉంది.

మరుక్షణం కొంగ మోడుమీదనుంచి లేచి, రెక్కలు బారచాచి వచ్చి, ఏ సంకోచమూ లేకుండా గూటిమీద వాలింది.

"వచ్చింది, నాన్నా," అంది కూతురు సంతోషంతో వణుకుతూ. కొంగ ఎవరికోసం ఆగిందో, ఎవరు వెళ్ళిపోయారనుకొని వచ్చిందో అతడికి తెలిసింది.

ఇంటికి పోదామని నోటిదాకా వచ్చింది. ఎందుకని అడిగితే ఏం చెప్పాలి?

కూతురు కెమెరాలోనుంచి చూస్తూ విసుక్కున్నది. ఆకులు అడ్డంగా ఉన్నాయని, తలలు నల్లగా వస్తున్నాయని, నాన్నకు ఆ రోజు అంత వెలుగు ఎలా దొరికిందో తెలియడంలేదని గొణిగింది.

అప్పుడు వినబడింది.

కటుక్.

చిన్న శబ్దం. పదునైన ఇనుము పచ్చికొమ్మను కొరికిన శబ్దం. గూటికింద, ఎడమవైపు రెమ్మ ఒకటి ఊగి, ఊగి, నీటిలో పడింది.

కటుక్.

దాని పైనున్న రెమ్మ పడింది. చెట్టుమీద ఎవరూ లేరు. కొంగ తల కూడా తిప్పలేదు. ఆకుల మధ్య చిన్న కిటికీలాంటి సందు తెరచుకొని, ఎండ ఒక పిల్ల వీపుమీద పడింది.

"గాలికి పడుతున్నాయి, నాన్నా. ఎంత అదృష్టమో చూడు." షట్టరు చప్పుడయింది. మళ్ళీ మళ్ళీ అయింది.

గాలి లేదు. నీటిమీద ఒక్క ముడతైనా లేదు. మూడవది ఏదో అతడికి తెలుసు. జంట ఆకుల రెమ్మ. నాలుగవది దాని వెనుకనున్న వంకర కొమ్మ. తాను ఏ వరుసలో కత్తిరించాడో అదే వరుస... కటుక్. కటుక్. ఐదు. ఆరు. వేళ్ళమీద లెక్కపెడుతున్నానని అతడికి తెలియదు.

ఏడు.

గూడంతా వెలుగు నిండింది. మచ్చలేని వెలుగు. పిల్లలు ముక్కులు తెరచి రొప్పసాగాయి. తల్లి వాటికేసి చూసి, లేచి నిలబడి, ఎండకు అడ్డంగా ఒక రెక్కను మెల్లగా, మెల్లగా విప్పింది.

భోజనాలగదిలోని గోడ వారి ఎదుట నిలబడింది.

షట్టరు చప్పుడు ఆగిపోయింది. కూతురు కెమెరామీదనుంచి ముఖం తీసింది. చాలా మెల్లగా అంది.

"ఇంట్లో ఫొటోలో కుడివైపు మూలన మూడు తెల్లని చుక్కలుంటాయి. ఇన్నేళ్ళూ అవి పువ్వులనుకునేదాన్ని, నాన్నా."

ఎదురుగా, గూటి కుడివైపున, తెగిన రెమ్మల మొనలు మూడు ఎండలో తెల్లగా మెరుస్తున్నాయి.

"నువ్వు కత్తిరించావా?"

అతడు ఆ మొనలనుంచి కళ్ళు దించుకున్నాడు.

"ఆ పిల్లలు బతికాయా?"

అతడు తల అడ్డంగా ఊపాడు. కూతురు అతడి పక్కనుంచి కొంచెం జరిగింది. ఆ మాటులో జరగడానికి జానెడు చోటు కూడా లేదు, అయినా జరిగింది.

అప్పుడు బురదలోనుంచి పిలుపు వచ్చింది.

"తమ్ముడూ..."

కేక కాదు. వంటింటిలోనుంచి పెరటిలోని మనిషిని పిలిచినట్టుంది.

కూతురి ముఖం తెల్లబోయింది. "అత్తయ్య గొంతు," అంది.

"తమ్ముడూ..."

ఆమె తెరవైపు తిరిగింది. అతడు మణికట్టు పట్టుకున్నాడు. వద్దని, అది మనిషి కాదని గొణిగాడు.

"నీకెలా తెలుసు?" 

మూడు... నాలుగు... పిలుపులు వస్తున్నాయి. తొందర లేదు. ఒక్కొక్కటీ సమాన దూరంలో. కూతురు చెయ్యి విదిలించుకుంటున్నది. ఎవరో మునిగిపోతున్నారని ఆమెకు తెలుసు. అంతకుమించి ఆమెకు అక్కరలేదు. తనలో ఆ రోజున లేనిది ఈ పిల్లలో నిండుగా ఉందని అతడికి అప్పుడు అర్థమైంది. ఆమె వెళ్తుంది. పలక తప్పినా వెళ్తుంది. బయటినుంచి పిలుస్తున్నదానికి కావలసింది అదే.

ఆపడానికి ఒక్క దారే ఉంది.

"అప్పుడూ పిలిచింది," అన్నాడు. "నాకు వినబడింది. పదకొండుసార్లు. నేను వెళ్ళలేదు. ఇప్పుడు పిలుస్తున్నది బతికున్న మనిషి కాదమ్మా. వెళ్ళకు."

కూతురి చెయ్యి అతడి చేతిలో చచ్చుబడిపోయింది.

ఏడు... ఎనిమిది...

"నేను వచ్చి పిలిచేదాకా కదలకు అని కదా అత్తయ్య చెప్పేది," అంది ఆమె. "వచ్చింది. పిలిచింది. అప్పుడే కదా, నాన్నా, నువ్వు బయటికి రావలసింది."

ఏడేళ్ళలో ఆ మాట అతడికి ఒక్కసారి కూడా తోచలేదు.

తొమ్మిది. పది.

పదకొండవ పిలుపు మాటు గుడ్డకు ఆనుకొని వచ్చింది.

తరువాత నిశ్శబ్దం. పిల్లల రొప్పు కూడా వినబడలేదు. తడి గొడుగువాసన ముక్కుపుటాలు మూసివేసేంత చిక్కబడింది. తలమీద, మందపు గుడ్డ మెల్లగా లోపలికి కుంగింది... ఎవరో అరచెయ్యి ఆనించినట్టు.

కటుక్.

నెత్తిమీద రూపాయిబిళ్ళంత కంత పడింది. ఎండ సన్నని ఊచలాగా దిగి, కూతురి మోకాలిమీద ఆగింది. ఆమె అబ్బా అని కాలు లాక్కుంది. ఆ చోట చర్మం నిప్పు తగిలినట్టు కందిపోయింది.

కటుక్. ఇంకొకటి. కటుక్.

వెలుగు ఊచలు చీకటిని పొడుస్తున్నాయి. అతడు తెర లాగాడు. రాలేదు. గోడకు మేకులు కొట్టినట్టు బిగుసుకుంది. తన చొక్కా విప్పి పైన పట్టాడు. కటుక్. చొక్కా తెగి ఒడిలో పడింది. పైనుంచి ఒక గుసగుస వినబడింది. ఆ గొంతు పంతులమ్మది కాదు. అది తన గొంతే.

"ఇంకొక్క నిమిషం. వెలుగు బాగుంది."

కటుక్. కటుక్. కటుక్.

అతడు కూతురిని నేలమీదికి వంచి, ఆమెమీద రెండు చేతులూ బారచాపాడు. వీపుమీద ఎండ సలసల కాగిన నూనెలాగా పడింది. అరవలేదు. అరిస్తే ఎవరు వస్తారు? పైన షట్టరు చప్పుడయింది. కూతురి కెమెరా ఎదుట మూడుకాళ్ళ స్టాండుమీద కదలకుండా ఉంది; దాని దగ్గర ఎవరి చెయ్యీ లేదు. అయినా చప్పుడయింది. ఒకటి... రెండు...

పదకొండవ చప్పుడుకు అతడు ఆగలేక తల ఎత్తాడు. నెత్తిమీది కంతలోనుంచి పైకి చూశాడు. కళ్ళు పెద్దవి చేసుకొని చూశాడు.

ఏం చూశాడో ఎవరికీ చెప్పలేదు.

*

మధ్యాహ్నం పన్నెండుగంటలకు తాత తెర ఎత్తాడు. తెర సులభంగానే వచ్చింది. మాటుగుడ్డమీద ఒక్క కంత లేదు. అతడి వీపు మాత్రం భుజాలనుంచి నడుముదాకా పొక్కిపోయి ఉంది. కూతురి మోకాలిమీద రూపాయిబిళ్ళంత మచ్చ తప్ప మరేమీ లేదు. తాను పదిన్నరకే పలకల చివరదాకా వచ్చి పిలిచానని తాత ఒట్టు పెట్టుకొని చెప్పాడు. పిలిచిన ప్రతిసారీ లోపలినుంచి బాబుగారే, ఇంకొక్క నిమిషం, వెలుగు బాగుంది అన్నారట. పదకొండుసార్లు అలా అన్నారట.

తాత ఆ మాట చెప్పి, చెట్టు దగ్గరకు వెళ్ళి గూటికి నీడగా మాటుగుడ్డ ముక్క కట్టాడు. మూడు పిల్లలూ బతికాయి.

అతడి కళ్ళు పోలేదు. అదే అతడికి పడిన శిక్ష అని భార్య అనేది. చూపు ఉంది; కాని ఆ కళ్ళు వెలుగును ఓర్వలేవు. కన్ను తెరచినప్పుడు చీమతలంత వెలుగు పడినా, లోపల ఎవరో సూది గుచ్చి తిప్పినట్టు విలవిలలాడిపోతాడు. వైద్యులు పరీక్షించి, పేరు చెప్పలేక, చీకటిగదిలో ఉంచమన్నారు. ఇంటి చివరిగదికి నల్లటి మందపు తెరలు మూడు వరుసలు కట్టారు. జీవితమంతా సూర్యుడి వెలుగు తప్ప మరొకటి ముట్టనని చెప్పిన మనిషి, అందులో పగలూ రాత్రీ తేడా లేకుండా కూర్చున్నాడు.

కూతురు జరిగినదంతా రాసి, సంతకం పెట్టి, బహుమతిని తిప్పి పంపింది. గోడమీది ఫొటోను దించింది. ఆ మేకుకే ఇంకొక ఫొటో తగిలించింది. ఆమె కెమెరా కార్డులో, కొంగ ఫొటోల తరువాత, పదకొండు ఫొటోలు ఉన్నాయి. ఆమె తీసినవి కావు. పైనుంచి తీసినవి. వాటిలో చివరిది అది. చేతులు రెండూ రెక్కలలాగా చాచి, ముఖం పైకెత్తి, నోరు తెరచిన మనిషి. భార్య తలుపు బయట నిలబడి దాన్ని వర్ణించింది. వెలుగు చాలా బాగుందని అందరూ అంటున్నారట.

కూతురు అతడితో మాట్లాడడం మానివేసింది. రోజూ తెల్లవారకముందే పంతులమ్మ నోటుపుస్తకాలూ, నల్లగొడుగూ తీసుకొని మడుగుకు వెళ్తుంది. గూళ్ళు లెక్కపెట్టే పని ఇప్పుడు ఆమెది. వెళ్ళేముందు ఒక్కసారి తండ్రి గదిలోకి వచ్చి, చీకటిలోనే నీళ్ళగ్లాసు పెట్టి వెళ్తుంది.

మొదటి వారం అతడు ఏమీ గమనించలేదు. చీకటిలో ఉండేవాడికి చెవులే కళ్ళు కావడానికి కొంత సమయం పడుతుంది. తరువాత విన్నాడు.

తలుపు తెరచుకుంటుంది. చెప్పులు విడిచిన మెత్తని అడుగులు లోపలికి వస్తాయి. వాటి వెనుక... ఇంకొక జత అడుగులు. తడిసినవి. నేలమీద పాదం పడ్డప్పుడల్లా చిన్న గుటక.

గ్లాసు బల్లమీద పెట్టిన చప్పుడు.

తరువాత అడుగులు బయటికి వెళ్తాయి. ఒక్క జతే. తలుపు మూసుకుంటుంది.

ఎన్ని రోజులు విన్నా లెక్క మారలేదు. ఇద్దరు వస్తారు. ఒక్కరు వెళ్తారు.

ఒక తెల్లవారుజామున అతడు ఆగలేకపోయాడు. "అమ్మాయ్," అన్నాడు, ఎండిపోయిన గొంతుతో. "నీతో ఎవరొచ్చారు?"

తలుపు దగ్గర మెత్తని అడుగులు ఆగాయి. చాలా రోజుల తరువాత కూతురు అతడితో మాట్లాడింది. కోపం లేదు ఆ గొంతులో. బడిలో పిల్లలకు చెప్పినట్టు, విడమరచి చెప్పింది.

"నేను వచ్చి పిలిచేదాకా కదలకు, నాన్నా."

తలుపు మూసుకుంది. వీధిగుమ్మంలో గొడుగు విప్పిన చప్పుడు. నడక దూరమైంది.

అతడు కదలలేదు. గది ఎడమ మూలన గాలి చల్లబడింది. బయట పొద్దు పొడుస్తున్నదని పిచ్చుకల సందడిని బట్టి తెలుస్తున్నది. ముఖాన్ని మోకాళ్ళలో దాచుకొని, ఊపిరి బిగబట్టి విన్నాడు.

కిటికీ దగ్గర, నల్లతెరల మొదటి వరుసలో...

కటుక్.